జడలు కట్టిన తలకు బల్ల లేదు

పెద్దగారి భార్య శనివారం మధ్యాహ్నం మా గదికి వచ్చి, చేతిసంచిలోంచి కత్తెర తీసి చాప మీద పెట్టింది. నేను కుట్టుపని చేసి బతికేదాన్ని. నా మిషను పక్కన అప్పటికే మూడు కత్తెరలున్నాయి. అయినా ఆవిడ తన ఇంటినుంచి ఒకటి మోసుకొచ్చింది.

"ముందు ప్రార్థన చేసుకుందాం సిస్టర్," అంది. చేసింది. అంతసేపూ నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను. ఆవిడది గోదావరి జిల్లా. భర్త స్టీలు ప్లాంటు కట్టే పనుల్లోకి వచ్చి, మా సంఘంలో చేరి, చూస్తుండగానే సంఘపెద్ద అయిపోయాడు. ఆవిడ ఎప్పుడూ మెత్తగానే మాట్లాడేది. ఆ మెత్తదనం నాకు గిట్టేది కాదు.

"రేపు ఆరాధనకు ముందే ఈ జడలు తీసేస్తే పెద్దలు ఇంకేం అడగరండి. నేనే కత్తిరిస్తాను. ఇష్టం లేదంటారా, ఇంకో దారుంది. రేపు సాక్ష్యాలప్పుడు లేచి, ఇది నాకొచ్చిన జబ్బు, నా కోసం ప్రార్థించండి అని చెప్పెయ్యండి. ఒక్క మాట. మళ్లీ బల్లలోకి తీసుకుంటారు."

"జబ్బు కాదు కదండీ."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. చెబితే ఏం పోయింది?"

ఏం పోతుందో ఆవిడకు తెలియదనుకోను. తెలిసే అడిగింది.

బల్ల అంటే ప్రభువు బల్ల. మా సంఘంలో ప్రతి ఆదివారం ఒక రొట్టె విరిచి, ఒకే గిన్నెలో ద్రాక్షరసం పోసి, చాపల మీద కూర్చున్న విశ్వాసులు చేతినుంచి చేతికి అందించుకునేవాళ్లు. పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటినుంచి, జ్వరంతో పడుకున్న వారాలు తప్ప, నేను ఒక్క ఆదివారం మానలేదు. పైగా ఆ రసం తయారయ్యేది మా ఇంట్లోనే. అమ్మ శుక్రవారం కిస్‌మిస్ నానబెట్టి, శనివారం ఉడికించి, పలచటి గుడ్డలో వడగట్టేది. అమ్మ పోయాక ఆ పని నాకు వచ్చింది. అమ్మ నాకు ఇచ్చిపోయిన వాటిలో నేను భద్రంగా చూసుకున్నది అదొక్కటే. ఇప్పుడు ఆ పనీ తీసేశారు, బల్లా తీసేశారు. కారణం నా జుట్టు.

ఆ జుట్టును నేను చేసుకోలేదు. డెబ్బైల చివర టైఫాయిడ్ వచ్చి నెల రోజులు మంచం మీద ఉన్నాను. నడుం దాటిన జుట్టు చెమటకూ తలగడ రాపిడికీ ముద్ద కట్టింది. జ్వరం తగ్గాక అమ్మ కొబ్బరినూనె పోసి, దువ్వెన పళ్లు ఊడేదాకా దువ్వింది. నేను ఏడ్చాను, ఆమె ఏడ్చింది, తరువాత ఇద్దరం మానేశాం. కొన్ని నెలలకు ఆ ముద్ద తనంతట తానే పాయలుగా విడిపోయింది. పదకొండు పాయలు. ఒక్కొక్కటి బొటనవేలంత లావు. కొత్తగా వచ్చే వెంట్రుకలు కూడా వాటిలోకే చుట్టుకుపోయేవి.

అమ్మ పోయాక నేను ఒక్కొక్కటే వదిలేశాను. దువ్వెన, నూనె, రిబ్బను, చెప్పులు. పెళ్లి సంబంధం పట్టుకొచ్చిన పిన్నిని కూడా. ఫిషింగ్ హార్బరు వెనక ఒక గదిలోకి మారాను. తెల్లవారకముందే పడవల ఇంజన్లు, చేపల వేలం అరుపులు మొదలయ్యేవి. జనమంతా అటు ఉండగా నేను ఇటు రాళ్ల పక్కకు వెళ్లి, చీరతోనే సముద్రంలో మునిగి, కీర్తన పాడుకుంటూ నడిచి వచ్చేదాన్ని. ఉప్పు నీళ్లకు జడలు బిగుసుకుని, నడుస్తుంటే వీపుకు తగిలేవి. జాకెట్లు కుట్టి, మద్దిలపాలెం దాకా కాలినడకన వెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో నాకు గడియారంతో పని ఉండేది కాదు.

సుఖమంతా సుఖం కాదు. తల కడగడానికి ఒక పూట పట్టేది. కుంకుడుకాయ రసం పాయ పాయకూ పిండాలి. ఓడల్లోకి ఖనిజం ఎక్కించే వైపునుంచి వచ్చిన ఎర్ర దుమ్మంతా ఆ నీళ్లలో దిగేది. ఆరడానికి పగలంతా ఎండ కావాలి. వానాకాలంలో ముక్కిన వాసన వేసేది, అబద్ధం చెప్పను. ఎప్పుడైనా బస్సెక్కితే నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

ఒకసారి స్టాపులో ఇద్దరు కుర్రవాళ్లు నాకు వినిపించేలాగే మాట్లాడుకున్నారు.

"హిప్పీ పోతంది సూడ్రా బావా!"

"హిప్పీ కాదెహె, సోదెమ్మ. సెయ్యి సూపించు, నీ పెళ్లెప్పుడో సెప్తాది."

నేను వెనక్కి తిరిగాను. "సెప్తాను రా. ఆ మొకానికి పిల్లనెవుడిత్తాడు?" అన్నాను. విశ్వాసి అనకూడని మాట. ఆ సాయంత్రం క్షమాపణ అడిగాను, దేవుణ్ని మాత్రమే.

పక్క గదిలో ఎండుచేపలు అమ్మే విధవరాలు ఉండేది. నాకంటే పాతికేళ్లు పెద్ద. అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కను అలాగే అంటారు. నేను ఆ గదిలో దిగిన కొత్తలో, ఒక ఉదయం గుమ్మంలో కూర్చుని జడలు ఆరబెట్టుకుంటూ కునుకు తీశాను. నెత్తి మీద చల్లగా తగిలి లేచేసరికి ఆమె నా జడల మొదట్లో పసుపు రాసి, కుంకుమ అద్దుతోంది.

"ఓలమ్మ, నెగవకే! అమ్మోరు నీ నెత్తి మీద కూకుంది. ఇలగ వొగ్గేత్తే మాకు సేటు కాదేటి?"

నేను ఆమె చెయ్యి గట్టిగా తోసేశాను. పసుపు డబ్బా దొర్లిపోయింది. "నాను నమ్ముకున్నది ఏరు. నా తల మీద సెయ్యెయ్యకు!" అని అరిచాను.

"నువ్వు కాదంటే ఆయమ్మ దిగిపోద్దేటి? ఏటే ఆ కోపం! పసుపెట్టినానంతే గదా, పేడెట్టినానా?" అంటూ డబ్బా ఏరుకుని వెళ్లింది. మర్నాడు ఏమీ జరగనట్టే వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆమెను తిట్టని రోజు లేదు, ఆమె రాని రోజూ లేదు.

పసుపు పోయింది కాని జడ లోపలికి దిగిన కుంకుమ పోలేదు. ఆదివారం ఆరాధనలో మోకాళ్లూనినప్పుడు నా ముసుగు జారింది. పక్కనున్న సహోదరి ఆ ఎరుపు చూసింది. కూటం అయ్యేసరికి అందరికీ తెలిసింది.

ముగ్గురు పెద్దలు కుర్చీల మీద, నేను చాప మీద. కుంకుమ ఎలా వచ్చిందో చెప్పాను. దాన్ని నమ్మారు. కాని జుట్టును వదల్లేదు.

"ఇది దయ్యం పనా అమ్మా?" అని పెద్దగారు అడిగారు.

"కాదండి."

"జబ్బా?"

"జబ్బు తగ్గి రెండేళ్లయింది."

"పోనీ మొక్కుబడా? తల మీదికి కత్తి రానివ్వని మొక్కుబడి ఒకటి లేఖనంలో ఉంది. ఆడవాళ్లకు కూడా ఉంది. అదైతే చెప్పు, అర్థం చేసుకుంటాం."

ఆయన నిజంగానే నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. అవును అంటే సరిపోయేది.

"మొక్కుకోలేదండి."

"మరెందుకు ఉంచుకున్నావు?"

"నాకు నచ్చింది."

దయ్యానికి ప్రార్థన ఉంది, జబ్బుకు ప్రార్థన ఉంది, మొక్కుబడికి గడువు ఉంది. ఒక ఆడది తన తల తనకు నచ్చిందంటే దానికి వాళ్ల దగ్గర ఏదీ లేదు.

"నచ్చిందా!" అన్నాడాయన. "నచ్చినట్టు బతకడానికి ఇది బీచూ కాదు, నువ్వు హిప్పీవీ కాదు. కత్తిరించుకుని రా."

అప్పుడు నాకు ఒళ్లు మండింది. స్త్రీకి జుట్టు కత్తిరించుకోవడం అవమానమని ఆ గోడల మధ్యే చిన్నప్పటినుంచి విన్నాను. కొసలు చిట్లాయని అంగుళం కత్తిరించుకున్న ఒక అమ్మాయి చేత, అందరిముందూ తప్పు ఒప్పించిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆ మాటే అడిగాను. ఆ వాక్యం ఇప్పుడెక్కడికి పోయిందండీ అన్నాను.

"వాక్యంతో వాదన పెట్టుకోకు," అన్నాడు.

నేను వాక్యంతో వాదించలేదు. ఆయనతో వాదించాను. ఆ రెండూ ఒకటేనని ఆయన నమ్మాడు. అక్కడే నాకు ఆయన మీద గౌరవం పోయింది. ఈనాటికీ తిరిగి రాలేదు. తీర్పు చెప్పారు: కత్తిరించుకునేదాకా బల్ల లేదు, చివరి చాప. రసం పని ఇంకొకరికి.

ఆ తరువాతే ఆ శనివారం కత్తెర వచ్చింది. ఆవిడ లేచి వెళ్తూ దాన్ని చాప మీదే వదిలేసింది. ఆలోచించుకొమ్మంది. ఆలోచించాను. ఒక పాయ పట్టుకుని కత్తెర నోట్లో పెట్టి కూడా చూశాను. జుట్టు పోతుందని కాదు, పోతే మళ్లీ వస్తుంది. కాని అలా తల వంచి గిన్నె అందుకుంటే అది నాకు ఎవరిచ్చినట్టు? ప్రభువా, పెద్దగారా? జబ్బని చెప్పి అందుకుంటే, అబద్ధంతో తడిసిన నోటితో తాగినట్టే కదా. చిన్నప్పుడు ఆ సంఘం నేర్పిన లేఖనమే నన్ను ఆ రెంటికీ పనికిరానిదాన్ని చేసింది.

ఆదివారం సాక్ష్యాలప్పుడు చివరి చాప మీదనుంచి లేచాను. పెద్దగారి భార్య తల ఊపింది, చెప్పు చెప్పు అన్నట్టు.

"ఇది జబ్బు కాదు," అన్నాను. "మొక్కుబడి కాదు. దయ్యం కాదు. నా జుట్టు. దేవుడు తలవెంట్రుకలు లెక్కపెట్టాడని ఈ మందిరంలోనే నేర్చుకున్నాను. చిక్కుపడ్డ వాటిని వదిలేశాడని ఎవరూ చెప్పలేదు. ఇదే నా సాక్ష్యం." పెద్దగారి భార్య కత్తెరను తీసుకెళ్లి ఆవిడ ఒడిలోనే పెట్టి, నా చోటికి వచ్చి కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. రొట్టె విరిచారు. గిన్నె ఆడవాళ్ల చాపల మీద ఒక్కొక్క చేతికీ వచ్చింది. నా ముందు చాపతో ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ వారం రసం పలచగా ఉందని రంగు చూస్తేనే తెలిసింది. సరిగా నాననివ్వలేదు.

రెండేళ్లు ఆ చివరి చాప మీద కూర్చున్నాను. మొదటిసారి వచ్చినవాళ్లు, బాప్తిస్మం లేనివాళ్లు కూర్చునే చోటది. తరువాత ఒక ఆదివారం పెద్దగారు ప్రసంగంలో అడవిజంతువుల బొచ్చు అంటూ నా వైపు చెయ్యి చూపించాడు. ముందు చాపల్లో ఎవరో నవ్వారు. నేను లేచి వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు.

దేవుణ్ని వదల్లేదు. గదిలోనే వాక్యం చదివేదాన్ని, పాడేదాన్ని. శుక్రవారం కిస్‌మిస్ నానబెట్టడం కూడా మానలేదు. చేతులకు అలవాటు. శనివారం ఉడికించి, వడగట్టి, గిన్నెలో పోసి, ఆదివారం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. తాగేదాన్ని కాదు. ఇద్దరో ముగ్గురో ఆయన పేరున కూడాలి. నేను ఒక్కదాన్ని.

ఒక ఆదివారం పక్క గది అప్ప చేపల తట్ట దించుకుంటూ చూసింది.

"వారం వారం కాసి పారబోత్తావు. ఏటే అది, తాగవేటి?"

"ఒక్కదాన్ని తాగకూడదప్పా. ఇద్దరుండాల."

"నానున్నాను గదే. ఇటియ్యి, ఇద్దరం తాగీద్దుం."

చెయ్యి చాపింది. చేపల ఉప్పు ఇంకా ఆ వేళ్ల మధ్య తెల్లగా ఉంది. నా జడలను చూసి ముఖం తిప్పుకోని మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే. నేను గిన్నె వెనక్కి జరిపాను.

"నువ్వు నమ్మనేదు. బాప్తిస్మం నేదు. నీకివ్వకూడదు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకుంది.

"మీ వోళ్లు నీకెట్టనేదు. నువ్వు నాకెట్టవు. బాగుందే మీ ఇందుబోజనం!" అని, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

నేను చేసింది తప్పని ఇప్పటికీ అనను. ఆ గిన్నె నాది కాదు, నా ఇష్టం వచ్చినవాళ్లకు పొయ్యడానికి. కాని ఆ వారమంతా ఆమె నా గుమ్మం తొక్కలేదు. తిట్టడానికి మనిషి లేక నా గది ఎంత చప్పగా ఉందో అప్పుడు తెలిసింది.

శుక్రవారం కిస్‌మిస్ నానబెట్టాను. శనివారం కాచాను. ఆదివారం గిన్నె ముందు పెట్టుకుని వాక్యం తెరిచేసరికి ఆమె వచ్చి, గుమ్మానికి వీపు ఆనించి కూర్చుంది.

"నాకొద్దులే నీ రసం. కూకుంటాను, అంతే. సదువుకో," అంది.

చదివాను. పైకే చదివాను, ఆమెకు వినిపించేలా. ఎండ ఎక్కేదాకా ఇద్దరం కూర్చున్నాం. గిన్నె మా ఇద్దరి మధ్య ఉంది. ఎవరం తాగలేదు.