రాయచోటిలో రెండు మగ కుక్కలు

కోవిడ్ గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను సహాయ సంచాలకురాలిగా రాయచోటికి బదిలీ చేశారు. పశుసంవర్ధక శాఖలో ఆ హోదా అంటే చుట్టుపక్కల మండలాల పశువైద్యుల మీద అజమాయిషీ, దాంతో పాటు ఆస్పత్రిలో వైద్యం. పని ఎక్కువగా గొర్రెలూ మేకలతోనే. కుక్క వచ్చిందంటే రేబిస్ టీకాకే.

అందుకే ఓబులేసు గారు కుక్క లేకుండా, నలుగురు అనుచరులతో వచ్చినప్పుడు కొంచెం వింతగా తోచింది. ఆయన కంకర కాంట్రాక్టరు. వచ్చే ఎన్నికల్లో తనకు పదవి ఖాయమని అప్పటికే నమ్మేసిన మనిషి. ఇంట్లో రెండు మగ కుక్కలున్నాయి. ఒకటి ఆరేళ్ల రాజపాళయం జాతి వేటకుక్క, పేరు రాజు. రెండోది బెంగళూరు నుంచి తెచ్చిన రాట్‌వైలర్, పేరు టైగర్. దానికింకా రెండేళ్లు నిండలేదు.

“రెండూ చంపుకుంటాండాయి మేడమ్. సూదేసి కలపండి,” అన్నారు.

కుక్కలను కలిపే సూది ఇంకా రాలేదని చెప్పి, సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కొట్లాట కేసుల్లో కుక్కల కంటే ముందు ఇల్లు చూడాలి. తిండి ఎక్కడ పెడుతున్నారు, ఎవరు పెడుతున్నారు, గొడవకు ముందు ఏం జరుగుతోంది అన్నవే అసలు పరీక్షలు.

ఆ ఇంట్లో ఎక్కువసేపు వెతకాల్సిన అవసరం రాలేదు. వరండా నిండా జనం. ఓబులేసు గారు రెండు కుక్కలనూ పిలిపించి, వాటి మధ్యకు ఒకే ఒక్క మటన్ ఎముక విసిరారు. రాజు మెడ బిగించి, కదలకుండా ఓరగా చూసింది. కొట్లాటకు ముందు కుక్క చేసే హెచ్చరిక అది. టైగర్ దాన్ని లెక్కచేయలేదు. రెండూ కలబడ్డాయి. అనుచరుల్లో సగం మంది రాజు వైపు, సగం మంది టైగర్ వైపు చేరి కేకలు పెట్టారు. ఓబులేసు గారు బెత్తంతో రెండింటినీ బాది విడదీసి, నా వైపు గర్వంగా చూశారు.

“చూసినారు కదా, ఇట్లా చేస్తాయి.”

ఎముకలు మానేయమన్నాను. వేర్వేరు గదుల్లో, తలుపు వేసి తిండి పెట్టాలి. గుంపు ఉన్నప్పుడు బయటికి వదలకూడదు. కలబడితే మధ్యలో చెయ్యి పెట్టకుండా నీళ్లు కొట్టాలి, లేదా మందపాటి దుప్పటి వేయాలి. కొట్టడం అసలు వద్దు, ఆ నొప్పిని కుక్క పక్కదాని ఖాతాలో వేస్తుంది. మూతికి చిక్కం అలవాటు చేయాలి. చివరగా, చిన్నదానికి బీజాలు తీయిస్తే దూకుడు కొంత తగ్గవచ్చు, హామీ మాత్రం లేదని చెప్పాను.

అంతవరకూ తల ఊపిన ఆయన అక్కడ ఆగిపోయారు. “మగతనం తీసేస్తే ఊర్లో తలెత్తుకోలేను మేడమ్.”

ఆపరేషన్ కుక్కకే చేస్తానని చెప్పాను. అనుచరులు నవ్వారు. ఆయన ముఖం చూసి వెంటనే ఆపేశారు.

ఆయన ఒక్కటీ పాటించలేదు. కొన్నాళ్లకే ఆయన భార్య రమణమ్మ గారు ఫోన్ చేశారు. కుక్కలను విడదీయబోతే టైగర్ ఆమె ముంజేతిని పట్టేసిందట. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా మనుషుల ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోమన్నాను. మర్నాడు నేను వెళ్లేసరికి ఆమె కట్టు కట్టిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఓబులేసు గారు మాత్రం నిన్నటి పందెంలో ఏ కుక్క గెలిచిందో ఒకాయనకు వివరిస్తున్నారు.

“ఈమె ఊరికే అడ్డం పోయింది మేడమ్,” అన్నారు నాతో.

రమణమ్మ గారు గొంతు పెంచలేదు. “రేపట్నుంచి ఈటికి తిండి పెట్టేది నేను. జనం ఉన్నంతసేపు ఇవి ఈడికి రావు.”

“వచ్చినోళ్లు కుక్కలు యాడ అని అడిగితే ఏం చెప్పల్ల?”

“నీ పెండ్లాన్ని కరిచినాయని చెప్పు.”

ఆ వారమే ఆయన అనుచరులతో మంత్రాలయం వెళ్లారు. ఆమె ఆపరేషన్‌కని నేను చెప్పినట్టే టైగర్‌ను పస్తు ఉంచి, చిక్కం వేసి, ఆస్పత్రికి తీసుకొచ్చారు. యజమాని సంతకం ఎవరిదని మా కాంపౌండరు అడిగాడు. తిండి పెట్టేవారిదేనని చెప్పాను. మత్తిచ్చి ఆపరేషన్ చేశాను. మామూలుగానే కోలుకుంది.

రాజు పెరటివైపు, టైగర్ ఇంటి లోపల, మధ్యలో ఇనుప గేటు. వాహ్యాళికి వంతులవారీగా వెళ్లేవి. అవి ఎప్పటికీ స్నేహితులు కాలేదు, మళ్లీ రక్తమూ కారలేదు. వరండాలో జనం పలచబడ్డారు, చూడటానికి ఏమీ లేదు కదా. టైగర్‌కు బెంగళూరులో ప్రత్యేక శిక్షణ ఇప్పించానని ఓబులేసు గారు ఊరంతా చెప్పుకున్నారు. నన్ను అడిగినవారికి, శిక్షణ బాగానే పట్టిందని చెప్పాను.

ఒకే ఇంట్లో ఉన్న రెండు కుక్కలు కలిసిమెలిసి ఉండాలన్న నియమం ఏదీ లేదు. విడిగా క్షేమంగా ఉంటే వైద్యం ఫలించినట్టే. ఆ తర్వాత ఇలాంటి కేసు వస్తే, కుక్కలను పట్టి చూసే ముందు, ఆ ఇంట్లో కొట్లాట ఎవరికి కావాలో విచారించేదాన్ని.