రెండు మొనల బంతి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కల కోచింగ్ ఇచ్చే శ్రీకళ, నలభై దాటాక పీహెచ్‌డీ ముగింపు దగ్గర ఇరుక్కుపోయింది. ఏడాదిగా రుజువు ముందుకు కదల్లేదు.

ఒక ఆదివారం ఆమె అత్త పూలమ్మ, పక్కింటి పాప పుట్టినరోజుకు బుడగలు ఊదుతూ అడిగేసింది. “ఇన్నేండ్ల సంది ఏం చదువుతున్నవ్ బిడ్డా? ఎవలన్న అడిగితే ఏం చెప్పాలె?”

శ్రీకళ ఒక బుడగ మీద ప్లస్ గుర్తు గీసి ఊదింది. “చూడు అత్తమ్మా, గీతలు పెద్దగైనయ్ గని మూలలు మారలే. గట్ల మూలలు చెడకుంట, ఒక్కో తావుల ఒక్కో తీరుగ సాగదీయాలె. ఏడ ఎంత వంపు ఉండాల్నో ముందే చెప్తరు. సరిగ్గ గంతే ఒస్తదా, రాదా? గదే నా పని.”

“చెప్పినంత ఒస్తదా మరి?”

“అన్నిసార్లు రాదు. ఒక్కోపారి వంపంతా ఒక్క తావుకే ఉరికి బుడిపె లెక్క లేస్తది. ఆడనే ఆగిపోయిన. నాది రెండు మొనలున్న బంతి. రెండు పక్కలా ఒక్క తీరుగనే సాగదీస్త. ఇటు బుడిపె లేస్తే అటు గూడ...”

మాట మధ్యలో ఆగిపోయింది. ఒక్క బుడిపెకే బంతి మీది వంపంతా ఖర్చయిపోతుంది. రెండోదానికి ఏమీ మిగలదు. అంటే బుడిపె లేవనే లేవదు, చెప్పినంత వంపు వచ్చి తీరుతుంది!

“అత్తమ్మా, అయిపోయింది!” అంటూ పూలమ్మను కౌగిలించుకుంది. ఏమయిందో తెలియకపోయినా పూలమ్మ కూడా నవ్వేసింది.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన గైడు సాంబమూర్తి ఆ రుజువును రెండుసార్లు చదివాడు. “ఇంత సూటిగా ఉందేంటమ్మా! మనం ఎక్కడెక్కడో తిరిగాం కదా!” అని పెద్దగా నవ్వాడు.

వైవాకు ఇంటిల్లిపాదీ ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి వెళ్లారు. “రెండు పక్కలూ ఒకేలా లేకపోతే?” అని పరీక్షకుడు అడిగాడు.

“అప్పుడు నా రుజువు నిలవదు సార్. ఏమవుతుందో నాకింకా తెలియదు” అంది శ్రీకళ.

ఆయన మెచ్చుకోలుగా తలూపాడు. అంతే, పూలమ్మ చప్పట్లు కొట్టింది. ఒక క్షణం తర్వాత గదిలో అందరూ కొట్టారు.

బయటికి రాగానే పూలమ్మ అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. “మా కోడలు డాక్టరైంది! సూదులేసే డాక్టర్ కాదే, వంపులు సక్కదిద్దే డాక్టరు!”

“సక్కదిద్దుడు కాదత్తమ్మా...” అనబోయి, శ్రీకళ నవ్వు ఆపుకోలేక అక్కడే మెట్ల మీద కూలబడింది.