దీపావళికి బొట్టు పెట్టిన కాగితం

సుశీల టీచర్ మా గంగారం బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. పక్క గదిలో నేను లెక్కలు చెబుతాను. ఆమెదో మొండి అలవాటు. పుస్తకం మూసేసి, "మీ ఇండ్లల్ల పాత కాగితాలుంటే తెండి, చరిత్ర అండ్లనే ఉంటది" అంటుంది పిల్లలతో. పాఠం వదిలి చెత్త ఏరుతోందని నేను ఆటపట్టించేవాణ్ణి.

మనుషుల్ని పుట్టుకను బట్టి జాతులుగా విడదీసి, మంచిచెడ్డలు అంటగట్టిన చరిత్ర చెబుతోంది ఆ వారం. తొమ్మిదో తరగతి కమ్లీ తమ లంబాడీ తాండా నుంచి నిజాం కాలంనాటి ఉర్దూ కాగితం తెచ్చింది. వాళ్ల భూమి పట్టా అట. నానమ్మ నీలి దాన్ని ఇనుప పెట్టెలో దాచి, ఏటా దీపావళికి బొట్టు పెట్టి మొక్కుతుంది. అడవి నరికి సాగుచేసుకుంటున్న పోడు భూమికి హక్కు పత్రం అడగడానికి సోమవారం ఆఫీసుకు అదే తీసుకుపోతారట. ఉర్దూ చదవగలిగినవాళ్లు తాండాలో ఎన్నడూ లేరు.

శనివారం మేమిద్దరం దాన్ని మానుకోటలో ఒక ముసలి దస్తావేజు లేఖరికి చూపించాం. ఆయన రెండు వరుసలు చదివి కళ్లద్దాలు తీశాడు.

"పట్టా కాదమ్మా, పోలీసు కాయితం."

నీలి మామగారు టీక్యా పుట్టుకతోనే దొంగ జాతివాడట. రోజూ పొద్దుగూకంగనే ఊరి పోలీసు పటేలు దగ్గర వేలిముద్ర వేయాలట. చెప్పకుండా తాండా దాటితే జైలట. ఆయన ఏం దొంగిలించాడో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇన్నేళ్లూ ఆ పాఠం గోడవతల వినబడుతుంటే ఎక్కడి తెల్లవాళ్ల గొడవో అనుకున్నాను. తమ మీద వేసిన మచ్చకే ఒక ఇల్లు తరతరాలుగా కుంకుమ పెట్టుకుంది. ఏ పుణ్యాత్ముడు రాశాడో గానీ, దస్తూరి మాత్రం ముత్యాల్లా ఉంది.

బస్సులో సుశీల ఒక్కటే మాట అంది. "మనం చెప్పకపోతే ఆఫీసుల నలుగురి ముందట చదువుతరు సార్. ఆ అవ్వ తట్టుకుంటదా?"

ఆదివారం ఇద్దరం తాండాకు పోయాం. సుశీల అక్షరం దాచకుండా చెప్పేసింది. కమ్లీ తల వంచుకుంది. నీలి కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. నాకు సిగ్గేసింది.

"గిండ్ల మా మామ పేరున్నదా, టీచరమ్మా?"

"ఉన్నది అవ్వా."

"తాండ పేరు?"

"ఉన్నది."

"తాండ దాటొద్దని రాసిండ్రా?"

"రాసిండ్రు."

నీలి కాగితం మడిచి మనవరాలి చేతిలో పెట్టింది.

"అయితే రేపు గిదే తీస్కపోదం. ఆఫీసోళ్లు అప్పటిసంది మీరు ఈడున్నరనేతందుకు సాక్ష్యమేది అంటున్నరు గద. మమ్ముల కదలనియ్యలేదని వాళ్లే రాసిండ్రు."