ఆ ఏడు ఆడించిన నాటకం

నారాయణగూడలో ఒక క్రైస్తవ ఆడపిల్లల బడిలో నేను నాటకం, కథ చెప్పడం నేర్పుతాను. మా అమ్మాయి కూడా అక్కడే చదివింది. ఆరో తరగతిలో ఉండగా డెంగీ జ్వరంతో పోయింది. ఆసుపత్రిలోకి తన కాళ్ళతోనే నడిచి వెళ్ళింది.

బడి వార్షికోత్సవానికి ప్రతి ఏడూ బైబిల్లోంచి ఒక కథ ఆడిస్తాం. మా అమ్మాయి పోయిన మరుసటి ఏడు అనుకున్న కథ, ఒక అధికారి చనిపోయిన కూతురిని యేసు ప్రభువు చెయ్యి పట్టుకుని లేపేది. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ నన్ను తన గదికి పిలిచారు.

"ఈసారి వేరే కథ తీసుకుందాం. మీకు కష్టమైతది," అన్నారు.

"ఇదే చేయిస్త, సిస్టర్," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మా అమ్మాయికి ఇష్టమైన కథ అది. లేచిన పిల్లకు తినడానికేమైనా పెట్టమని ప్రభువు చెప్పే చోట ఆపి, "ఏం పెట్టిన్రు?" అని అడిగేది. నేను ఒకరోజు ఇడ్లీ అనేదాన్ని, ఇంకోరోజు పప్పన్నం.

చనిపోయిన పిల్ల వేషం వేస్తానని, తరగతిలో మా అమ్మాయి పక్కన కూర్చునే స్నేహితురాలే ముందుకొచ్చింది. వాళ్ళమ్మ చిక్కడపల్లిలో బట్టలు కుడుతుంది. ఆ వేషానికి మాటల్లేవు. కళ్ళు మూసుకుని పడుకోవాలి, పిలిస్తే లేవాలి.

మొదటి రిహార్సల్లో పిలిచినా లేవలేదు. మళ్ళీ చేయించాను. మళ్ళీ లేవలేదు. నేను పక్కన కూర్చుని, "ఏమైంది బిడ్డా?" అన్నాను.

కళ్ళు తెరవకుండానే చెప్పింది. "నేను లేస్తే మీరు ఏడుస్తరు, టీచర్."

మిగతా పిల్లలంతా నా ముఖంలోకి చూశారు.

"ఏడుస్తే ఏడుస్త. నువ్వు లేస్తేనే కదా కథ ముందుకు పోయేది. లే."

లేచింది. నేను ఏడ్చాను. నన్ను పట్టుకుని అదీ ఏడ్చింది. ఆ రోజు ఇంక రిహార్సల్ జరగలేదు.

వార్షికోత్సవం నాడు తెర పక్కన నిలబడి చూశాను. పిలవగానే చక్కగా లేచి కూర్చుంది. హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ కథను స్టేజీ మీద చూస్తే నా బరువు కొంతైనా దిగుతుందని ఆశపడ్డాను. దిగలేదు.

నాటకం అయ్యాక వాళ్ళమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది. "నా బిడ్డ గింత మంచిగ చేస్తదనుకోలే, టీచర్. మీరే నేర్పిన్రు."

"మంచిగ చేసింది," అన్నాను. ఆమె పక్కన, ముఖాన పౌడరు కూడా తుడుచుకోకుండా బిడ్డ నిలబడి ఉంది. రేపు పొద్దున ఆమె పిలిస్తే ఆ పిల్ల లేస్తుంది. ఆ మంచి మనిషి మీద నాకు పుట్టిన అసూయను ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మా ఆయన గేటు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. రోజూ పాపను దింపిన గేటు అది. పాప పోయాక లోపల అడుగుపెట్టలేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

హెల్మెట్ పెట్టుకుంటూ అడిగారు. "పిల్ల లేచిందా?"

"లేచింది."

ఆయన హెల్మెట్ అద్దం కిందికి దించుకున్నారు. నేను వెనక కూర్చున్నాను. మా ఇల్లున్న అశోక్‌నగర్ ఎంతో దూరం లేదు. అయినా ఆయన చాలాసేపటి దాకా బండి స్టార్ట్ చెయ్యలేదు. నేనూ పోదామనలేదు.