ఎదుటివాళ్లు ‘అవును’ అనేదాకా

మా బావ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దంతా జనానికి సూదులు గుచ్చి రక్తం తీస్తాడు. సెలవు రోజున వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని టోకెన్ల ప్రోగ్రాం రాస్తాడు. చిన్న క్లినిక్‌లలో గోడ మీది తెర ‘పంతొమ్మిదో నంబరు’ అని పిలుస్తుందే, అది. ఉచితంగా ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపవచ్చు. పంపినదాన్ని కలపాలా వద్దా అన్నది బావ చూస్తాడు. "ఈయన కట్టుకుంది నన్నా, దాన్నా?" అని అక్క దెప్పుతుంటుంది.

మనిషి మంచివాడే, నోరే దురుసు. అది తనకూ తెలుసు. అందుకే నాలుగేళ్ల కిందట ఒక పెద్ద తగాదా అయ్యాక తానే నియమం పెట్టాడు. ఎవరి ఆలోచననైనా కాదనే ముందు దాన్ని మన మాటల్లో రాయాలి. అవతలివాళ్లు ‘అవును, నేను చెప్పింది ఇదే’ అనేదాకా మళ్లీ మళ్లీ రాయాలి. వాదన ఆ తర్వాతే.

ఆ నియమం తప్పింది కూడా తానే. వేరే ఊరి క్లినిక్‌లో రిసెప్షనిస్టు ఒకావిడ, ఈ ప్రోగ్రాంకు పనిచేసే మా అందరిలోకీ పనిమంతురాలు, రెండు నెలలు కూర్చుని ఒక మార్పు చేసి పంపింది. దానితో కౌంటర్లో ఉన్నవాళ్లు ఏ టోకెన్‌నైనా ముందుకు జరపవచ్చు. బావకు ఒళ్లు మండింది. అందరూ చూసే చర్చ పేజీలో, ‘సిఫార్సులకు దొడ్డిదారి తెరవడానికి కాదు మనం దీన్ని రాసింది. వద్దు’ అని కొట్టిపారేశాడు. ప్రోగ్రాం ఎలా వాడాలో వివరాలు రాసే నేను, ముందూ వెనకా చూడకుండా దాని కింద చప్పట్ల బొమ్మ పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ తిట్టలేదు. ‘నియమం ఉంది కదా సార్. నేనేం చెప్పానో రాయండి. లేదంటే తప్పుకుంటాను’ అంది.

బావ రాశాడు: ‘తెలిసినవాళ్లను త్వరగా పంపే వీలు కావాలంటున్నారు.’ కాదంది. కొన్నాళ్లు ఆలోచించి, ‘రద్దీ తగ్గించాలంటున్నారు’ అన్నాడు. అదీ కాదంది. ఆవిడ పోతే ఆ పని చేయగలవాళ్లు మాకు మరొకరు లేరు. బావకు తిండి సయించలేదు.

చివరికి అక్కే విసుక్కుంది. "ఎన్నాళ్లు ఊహిస్తారండీ? ఫోన్ చేసి అడగొచ్చుగా!"

నేనూ వింటున్నానని ఆవిడకు చెప్పి, బావ స్పీకర్ పెట్టాడు. "రెండుసార్లు తప్పు రాశానమ్మా. అసలేం జరిగిందో చెప్తారా?"

ఆవిడ చెప్పింది. "ఒక పెద్దాయన గుండెల్లో నొప్పంటూ వచ్చాడు సార్. నలభై ఒకటో టోకెన్ ఇచ్చాను. తెర మీద పంతొమ్మిది నడుస్తోంది. లోపలికి తీసుకెళ్లబోతే జనం తలుపు దగ్గర ఆపేశారు. మేమూ పొద్దున్నుంచి కూర్చున్నాం, ఆయన నంబరు తెర మీద చూపించమన్నారు. చూపించే దారి మన ప్రోగ్రాంలో లేదు. వాళ్లతో వాదిస్తుండగానే ఆయన తలుపు పక్క కుర్చీలో ఒరిగిపోయాడు, మళ్లీ లేవలేదు."

బావ అడిగాడు. "ముందే ఎందుకు రాయలేదమ్మా?"

"అందరూ చదివే పేజీ సార్. ఆయన కూతురు మా క్లినిక్‌కే వస్తుంది. మీరు అడిగుంటే ఇలాగే ఫోన్లో చెప్పేదాన్ని."

ఆ సాయంత్రమే బావ రాశాడు: ‘ప్రాణం మీదికొచ్చినవాళ్లను ముందుకు పంపితే, అది అన్యాయం కాదని మిగతావాళ్లకు తెర మీద కనబడాలి.’ ఆవిడ ‘అవును, నేను చెప్పింది ఇదే’ అంది. ఎవరు జరిపారో, ఎందుకో నమోదు కావాలని బావ అడిగాడు. ఒప్పుకుంది. వద్దన్న పేజీలోనే బావ క్షమాపణ రాశాడు, దాని కింద నేనూ రాశాను. మార్పు కలిసింది. ఆవిడ మాతోనే ఉండిపోయింది.

మార్పు కలిసిన రోజే బావ మళ్లీ ఫోన్ చేసి, "కోపం పోయిందా అమ్మా?" అని అడిగాడు.

"మీ మీద కోపం లేదు సార్. మనం పదకొండు రోజులు వాదించుకున్నాం. అన్ని రోజులూ మిగతా క్లినిక్‌లలో తెర పాత వరుసే పిలిచింది కదా. అక్కడ ఎవరికేమైందో..."

అప్పటికి మూడు వందల చిల్లర క్లినిక్‌లు మా ప్రోగ్రాం వాడుతున్నాయి.