మామగారి వాచీకి నేనిచ్చిన తీర్పు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు. కానీ పెళ్ళికి ముందటి నన్ను తలచుకుంటే ఎవరో పక్కింటి కుర్రాడిలా అనిపిస్తాడు. ఆ కుర్రాడికి టైమంటే ఫోన్లో కనబడే అంకెలే. అలాంటివాణ్ణి పాత వాచీల నిపుణుణ్ణి చేసింది మా ఆవిడ. అప్పటికింకా ఆవిడ కాదు, రాయదుర్గం ఆఫీసులో నా పక్క సీటు. వాళ్ళ నాన్నగారు ప్రభుత్వంలో ఆడిటరుగా చేసి రిటైరయ్యారు. ఎదుటివాళ్ళ తప్పులు పట్టడం ఆయనకు మొదట ఉద్యోగం, తర్వాత కాలక్షేపం. మా సంగతి ఇంట్లో చెబుతూ, ఆయన ముఖం చూసి భయమేసి, “అబ్బాయికి కూడా మీలాగే పాత వాచీలంటే ప్రాణం నాన్నా” అనేసిందట. (జీతం సంగతి చెప్పి ఊరుకోవచ్చుగా అన్నాను. “అది వింటే ఇంకా భయం” అంది.) “అయితే తీసుకురా, చూద్దాం” అన్నారట ఆయన.

చేతిలో రెండు వారాలున్నాయి. ప్రేమ కోసం భోజనం మానలేదు గానీ, భోజనం చేస్తూ వాచీల వీడియోలు చూశాను. నాకు అర్థమైంది ఒక్కటే. పాత వాచీ విలువ మెరుపులో లేదు. అందులో అన్నీ కలిసి ముసలివవ్వాలి. ఒక్కటి కుర్రదిగా కనబడిందంటే అనుమానించాలి.

మియాపూర్ నుంచి నేనూ, నన్ను పెంచిన మేనత్తా కోకాపేటలో వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాం. ఉప్మా ప్లేట్లు వచ్చాయో లేదో, ఆడిటరుగారు చేతి వాచీ విప్పి, భూతద్దంతో సహా నా ముందు పెట్టారు. “మా నాన్నగారిది. చెప్పండి బాబూ, కండిషన్ ఎలా ఉంది? ఎంత చేస్తుంది?”

“ఏందన్నా, మా పిలగాడు పిల్లను సూడనీకి వచ్చిండా, గడియారం సూడనీకి వచ్చిండా?” అంది అత్త.

నేను అప్పటికే భూతద్దంలో దూరిపోయాను. నా ఆఫీసు పక్క సీటు దగ్గింది. వాళ్ళమ్మగారు, “ముందు కాఫీ తాగండి బాబూ, చల్లారిపోతుంది” అని రెండుసార్లు అన్నారు. మర్యాద అనుకున్నాను. నిపుణులను కాఫీలు ఆపలేవు.

“డయల్ ఒరిజినల్ కాదంకుల్,” అన్నాను. “మళ్ళీ పెయింట్ చేయించారు. ముళ్ళ మీద రేడియం మాగిన నిమ్మకాయ రంగుకొచ్చింది, డయల్ మీద చుక్కలేమో పాల తెలుపు. అక్షరాలు దుకాణం బోర్డంత లావున్నాయి. సగం ధర కూడా రాదు.”

“నోరు మూస్కోరాదురా,” అని అత్త నా మోకాలు గిల్లింది.

“నేనెప్పుడూ పెయింట్ చేయించలేదే,” అంటూ ఆయన మెల్లగా భార్యవైపు తిరిగారు. వాచీ మాత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది. (మెషిన్ మాత్రం ఒరిజినలే.)

“నేనే నాన్నా,” అంది పక్క సీటు. “తొమ్మిదో క్లాసులో... మీరు క్యాంపుకెళ్ళినప్పుడు పెట్టుకుని చూశాను. బకెట్లో పడింది.”

“పాతబస్తీలో బాగు చేయించానండి,” అన్నారు వాళ్ళమ్మగారు. “మీకు తెలిస్తే పిల్ల భయపడుతుందని.”

“నేనెప్పుడైనా కొట్టానా?”

“కొట్టరు. ప్రశ్నలడుగుతారు.”

ఆయన భూతద్దం తీసుకుని డయల్ వంక చాలాసేపు చూశారు. “ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టాను. ఇది మాత్రం రోజూ కీ ఇస్తూ కూడా చూడలేదు,” అన్నారు. ఆ గొంతు వినగానే సంబంధం చెడిందని తేలిపోయింది. చెప్పులు గుమ్మం బయట ఏ మూల విడిచానో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను.

“అంటే ఇంట్లో ఇద్దరు దొంగలన్నమాట,” అన్నారాయన చివరికి, మా అత్తవైపు తిరిగి. “పట్టుకునేవాడు ఒక్కడైనా ఉండాలి. అమ్మా, ముహూర్తం మీరు చూస్తారా, మేం చూడాలా?”

“గింతేనా! ఉత్తగనే పరేషానైతిని,” అని అత్త చల్లారిన ఉప్మా దగ్గరికి లాక్కుంది.

కిందటి నెల మామయ్యగారు కాశీ వెళుతూ ఆ వాచీ నా చేతిలో పెట్టారు. “రోజూ కీ ఇవ్వు. ఈ ఇంట్లో నమ్మదగినవాడివి నువ్వొక్కడివే,” అన్నారు. ఆ నమ్మకాన్ని చేతికి కట్టుకునే నేను గిన్నెలు తోమాను. సాయంత్రానికి సగం డయల్ మీద కాఫీ రంగు మరక. పాత నేనైతే వెంటనే కాశీకి ఫోన్ చేసి నివేదిక ఇచ్చేవాణ్ణి. అత్తయ్యగారు (మా ఆవిడ వాళ్ళమ్మ) వాచీ అద్దంలోంచి ఒక్కసారి చూసి, “కంగారు పడకండి బాబూ, ఆ దుకాణంలో ఇప్పుడు వాళ్ళబ్బాయి కూర్చుంటున్నాడు,” అన్నారు, కూరగాయల సంచి అందిస్తున్నంత మామూలుగా. మా ఆవిడ అప్పటికే బండి తాళాలు తీసింది. దుకాణంలో నా నైపుణ్యమంతా వాడాను. “అక్షరాలు సన్నగా రాయండి. చుక్కల్లో కాస్త పసుపు కలపండి. ఇంకొంచెం.”

మామయ్యగారు తిరిగొచ్చి, వాచీ పెట్టుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు.

“చూశావా,” అన్నారు మురిసిపోతూ, “ఇన్నాళ్ళకి మన డయల్ కూడా మాగింది.”

“అవును మామయ్యా,” అన్నాను. ఇదే సోఫాలో కూర్చుని, సగం ధర కూడా రాదని గడగడా చెప్పేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. మంచివాడే. ఇంకా మాగలేదంతే.