ముందు బూట్లు ముంచండి

ఆర్డిస్ టాలెఫ్సన్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. అరచేతిలో పట్టే ఆట మిషన్లో, అగ్గిపెట్టెకి రెండింతలుండే తెర మీద, ఆవిడ కోళ్లు పెంచేది. ఆ కోళ్లున్న ఇంట్లోకి వచ్చే మనిషి ఎవరైనా సరే, వంటింటి గుమ్మం దగ్గరున్న మందునీళ్ల తొట్టిలో ముందు బూట్లు ముంచి రావాలి.

తెరమీది కోళ్లకి బయటివాళ్ల బూట్ల వల్ల రోగం ఎలా వస్తుందని అడిగినవాళ్లు లేకపోలేదు. "వచ్చాక అడుగుతావా, రాకముందు అడుగుతావా?" అనేది. దానికి జవాబు తోచేలోపల బూట్లు తడిసిపోయేవి.

ఆవిడ పోయి రెండేళ్లయింది. తమ్ముడు వెండెల్ ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి కిందికి చూస్తాడు.

ఆ మిషన్ ఆవిడ కోరి తెచ్చుకున్నది కాదు. చర్చివాళ్ల పాతసామాన్ల అమ్మకంలో ఊలు ఉండల సంచీ ఒకటి తెచ్చుకుంటే అడుగున దొరికింది. ఎవరిదో కనుక్కోమని మూడు ఆదివారాలు నోటీసు పెట్టించింది. మొదటి ఆదివారం ఎవరూ రాలేదని బాధపడింది. మూడో ఆదివారం ఎవరైనా వస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. అప్పటికి ముల్లంగి మొలకెత్తింది మరి.

ఆటలో మొదట బోడినేల ఇస్తారు. రాళ్లు ఏరి, తవ్వి, విత్తనం వేసి, నీళ్లు పోసుకోవాలి. మొక్కలు నచ్చితే ఏదో ఒక జీవం కంచె దగ్గరకొచ్చి తొంగిచూస్తుంది. గూడు కట్టి మేత వేస్తే ఉండిపోయి పిల్లల్ని పెడుతుంది. లోపలి గడియారం నిజం గడియారమే. ఇక్కడ ఒకరోజు మరిచిపోతే అక్కడ తోట వాడిపోతుంది. ఆర్డిస్ తోటకి కుందేళ్లొచ్చాయి, ముళ్లపందులొచ్చాయి, మీసాల కప్ప ఒకటొచ్చింది. అందర్నీ మర్యాదగా సాగనంపి కోళ్లను మాత్రం ఉంచుకుంది. కోళ్లని ఆవిడ అనడమే గానీ, వాటికి నీలం కాళ్లు, కుందేలు తోక.

"అక్కా, కోడికి తోక అలా ఉండదే" అన్నాడు వెండెల్.

"మనిషికి ముక్కు నీలా ఉండదు. ఎవరైనా ఏమైనా అన్నారా?"

ముప్పయ్యొక్కేళ్లు బడి వంటశాలను ఏలి, ప్రిన్సిపాలు నెత్తికి కూడా, తిండిలో వెంట్రుకలు రాలకుండా, వలటోపీ పెట్టించిన మనిషి. అందుకని మే నెల మొదటివారంలో తొట్టి వెలిసినప్పుడు ఊరు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ముదిరిందనుకుంది, అంతే.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆవిడ మిషన్ తీసి నీళ్లు పోస్తుంటే పాస్టరు గారు ఆగిపోయాడు. "ఆర్డిస్ గారూ, పది నిమిషాలు ఆగలేరా?"

"నేను ఆగుతాను పాస్టరు గారూ. ముల్లంగి ఆగదు."

ఆ మధ్యాహ్నం అంత అర్జెంటు ముల్లంగి ఏమిటో చూద్దామని ఆయన ఇంటికొచ్చాడు.

"ముందు బూట్లు ముంచండి."

"ఇవి ఆదివారం బూట్లండీ."

"రోగాలకి ఆదివారం సెలవా?"

ముంచాడు. లోపల రుబార్బు కేకు, కాఫీ దొరికాయి. ఆ తర్వాత రోజూ నాలుగింటికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే ముంచడం మొదలుపెట్టాడు. ఫ్రిజ్ బాగుచెయ్యడానికొచ్చినతను వ్యానుకీ ఇంటికీ ఏడుసార్లు తిరిగి ఏడుసార్లూ ముంచాడు. ఎనిమిదోసారి బూట్లు వ్యానులోనే వదిలేసి సాక్సులతో వచ్చాడు. "అవీ ముంచాలా?" అని తనే అడిగాడు. ఆర్డిస్ కాసేపు ఆలోచించి ముంచమంది. నెల తిరిగేలోపల ఆ ఊళ్లో క్లోరిన్ వాసన రాని బూటు లేదు.

ఒక్క ఆరిన్ బ్రెక్కి బూట్లు తప్ప.

ఆరిన్ నలభై ఆరేళ్లపాటు, ఒక్క ఏడూ తప్పకుండా, ఆగస్టు కౌంటీ సంతలో కోళ్లు పోటీకి పెట్టిన మనిషి. పెళ్లి కూడా సంత అయ్యాక పెట్టుకున్నాడు. ఆ ఏప్రిల్లో ఆయన కోళ్లకి బర్డ్ ఫ్లూ తగిలింది. నిలువెల్లా తెల్లబట్టలు తొడుక్కున్న సర్కారువాళ్లు వచ్చి అరవై మూడింటినీ ఒకే పూట లేకుండా చేశారు. రోగం ఎటునుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎగిరిపోయే అడవిబాతులు తెచ్చి ఉంటాయన్నారు. ఊరు మాత్రం ఆరిన్ బూట్లకేసి చూసింది. మేత దుకాణంలో ఆయన నిలబడ్డచోట కాగితాలు పరిచారు. పక్క పొలంవాళ్లు గేటు దగ్గరే ఆపి బకెట్టూ బ్రష్షూ చూపించారు. తప్పని అనలేం, వాళ్ల కోళ్లు వాళ్లకి ముఖ్యం. ఆరిన్ ఇంటికెళ్లి, కోళ్లగూటి తలుపుకి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టేశాడు. కాఫీ హోటలుకి రావడం మానేశాడు.

వెండెల్ ఆ దారిన ఉత్తరాలు పంచేవాడు. "ఆరిన్ ఇవాళ కూడా పెట్టెలో ఉత్తరాలు తీసుకోలేదక్కా" అని చెప్పేవాడు. ఆర్డిస్ కోళ్లకి మేత వేసుకునేది.

మే చివర్లో సర్కారు ఉత్తర్వు వచ్చింది. ఈ ఏడు సంతల్లో పక్షులు ఉండరాదు. అంటే ఆరిన్ వరస నలభై ఆరు దగ్గర తెగిపోయినట్టే. సమావేశంలో సంత కమిటీ పెద్ద డ్వేన్ ఫ్లూగ్, ఖాళీగా ఉండే కోళ్ల షెడ్డుని, పెరట్లో కూర్చుని స్నానం చేసే వేణ్నీళ్ల తొట్లు అమ్మేవాళ్లకి ఇద్దామన్నాడు. ఆ మాట పూర్తికాకముందే ఆర్డిస్ లేచి నిలబడింది.

"ఖాళీ ఎందుకు, నేను కోళ్లు తెస్తున్నా."

"కోళ్లు నిషేధం ఆర్డిస్."

"ప్రాణమున్నవాటికి. నావాటికి లేదుగా."

"ప్రాణం లేనివాటికి పోటీ ఏమిటి?"

ఆవిడ సంచీలోంచి సంత నిబంధనల పుస్తకం తీసింది. "పెట్టేవాళ్లు తమ చేత్తో పెంచి ఉండాలి. జూన్ ఒకటికల్లా తమ దగ్గరుండాలి. శుభ్రమైన పంజరంలో ఆరోగ్యంగా కనబడాలి. ప్రాణం ఉండాలని ఎక్కడుందో చూపించు."

"అలాంటిది ఎవరు రాస్తారు? రాసినవాళ్లకి ఆ మాత్రం తెలియదా?"

"రాసినవాళ్లనే అడుగు."

డ్వేన్ తలపట్టుకున్నాడు. "రాసింది నువ్వేగా."

"అందుకే చెప్తున్నా."

"ఇంతకీ అవి కోళ్లా, కాదా? ఒక్క మాట చెప్పు."

"నిషేధానికి కాదు. పోటీకి అవును."

చేతులెత్తి ఓటు వేశారు. ఆర్డిస్ నెగ్గింది. నెగ్గకపోతే సమావేశం ముగిసేది కాదని అందరికీ తెలుసు.

మర్నాడు ఆవిడ ఆరిన్‌కి ఫోన్ చేసింది. వెండెల్ పక్కనే ఉన్నాడు.

"ఆరిన్, నా కోళ్లు గుడ్లు పెట్టట్లేదు. వచ్చి చూడు."

"నీకు కోళ్లెక్కడివి?"

"ఎక్కడివైతే నీకెందుకు, గుడ్లు పెట్టట్లేదంటుంటే."

"నేను ఎవరిళ్లకీ వెళ్లట్లేదు ఆర్డిస్."

"సరే. చస్తే నీ పేరే చెప్తా" అని పెట్టేసింది.

నాలుగింటికి ఆరిన్ బండి వాకిట్లో ఆగింది. దిగాడు గానీ గుమ్మానికి ఇరవై అడుగుల అవతలే నిలబడిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తొట్టి చూశాడు. వెండెల్ కిటికీలోంచి చూస్తున్నాడు. ఆ మనిషి వెనక్కి తిరిగేలాగే ఉన్నాడు.

అప్పుడే పాస్టరు గారు వచ్చాడు. "ఎండ బాగా కాస్తోంది ఆరిన్" అంటూ, తొట్టికేసి చూడనైనా చూడకుండా కుడికాలు, ఎడమకాలు ముంచి లోపలికి వెళ్లిపోయాడు. లోపల డ్వేన్ తడిబూట్లతో కేకు తింటున్నాడు. ఆరిన్ మెల్లగా వచ్చి తనూ ముంచాడు. వెండెల్ తప్ప ఎవరూ చూడలేదు. పాస్టరు గారు పంచదార ఎక్కడని అడుగుతున్నాడు.

చేతిలో కాఫీ కూజాతో వెండెల్ ఒకచోటే నిలబడిపోయాడు. నెల్లాళ్లుగా ఊరందరి బూట్లూ ఎందుకు తడిశాయో అతనికి అప్పుడు తెలిసింది. అక్క చెవి దగ్గర వంగి, "ఇదంతా ఇతని కోసమా?" అన్నాడు.

"కోళ్లకి రోగాలొస్తాయిరా. కాఫీ పొయ్యి" అంది.

ఆరిన్ తెరలోకి చూసి మొహం చిట్లించాడు. "ఇదేం కోడి?"

"నీలం కాళ్లది."

"కనబడుతోంది. మేత ఎంతకోసారి?"

"గంటకోసారి."

"గంటకోసారి మేపితే గుడ్డెందుకు పెడుతుంది? నువ్వైతే పెడతావా?"

పాస్టరు గారికి కాఫీ పొలమారింది. ఆరిన్ మిషన్ లాక్కున్నాడు. గూడు నీడలోకి జరిపించాడు, పక్కన పొద్దుతిరుగుడు నాటించాడు, మేత సగానికి తగ్గించాడు. రెండో కాఫీ అయ్యేసరికి కోడి గుడ్డు పెట్టింది. ఆర్డిస్ ఎక్కణ్నుంచో రెండో మిషన్ తీసి పక్కన పెట్టింది. ఆ ఆటలో ఒక తోటలోని గుడ్డుని పక్క మిషన్లోని తోటకి పంపించవచ్చు.

"ఈ గుడ్డు నీది. రేపు జూన్ ఒకటి" అంది.

"నాకెందుకిది?"

"నిబంధన ప్రకారం ఇవాళ నీ చేతిలో ఉండాలి. పొదిగించుకుంటావో, అట్టు వేసుకుంటావో నీ ఇష్టం."

ఆరిన్ అట్టు వేసుకోలేదు. పది రోజుల తర్వాత వెండెల్ ఉత్తరాలు ఇవ్వబోతే, "ఉండవయ్యా, పిల్ల బయటికొస్తోంది" అని కసిరాడు.

ఆగస్టులో కోళ్ల షెడ్డులో పదకొండు పంజరాలు వెలిశాయి. అన్నిట్లోనూ కొత్త గడ్డి, నీళ్లగిన్నె, మధ్యలో ఒక మిషన్. అందరూ మే ముప్పై ఒకటి రాత్రి పన్నెండు కొట్టేలోపల ఆర్డిస్ ఇంటినుంచి గుడ్లు పట్టుకెళ్లినవాళ్లే. పాస్టరు గారు కూడా పెట్టాడు. ఫ్రిజ్ మనిషి రెండు పెట్టాడు. షెడ్డు గుమ్మానికి అడ్డంగా పశువుల తొట్టంత తొట్టి, దాని పక్కన స్టూలేసుకుని ఆరిన్. వచ్చినవాళ్లను వచ్చినట్టు ముంచి పంపిస్తున్నాడు. మేత దుకాణం ఆయన్ని రెండుసార్లు ముంచాడు, మడమ సరిగా తడవలేదని. తన గిరాకీ అంతా ఎటు పోయిందో చూద్దామని వేణ్నీళ్ల తొట్లు అమ్మేవాడొచ్చి, తనే తొట్లో దిగాల్సివచ్చింది.

పక్క కౌంటీ నుంచి వచ్చిన న్యాయనిర్ణేత వెర్నా కూల్మన్ ముప్పయ్యేళ్లుగా కోళ్లనే తూచిన మనిషి. మిషన్ని తలకిందులు చేసి చూసింది. "రెక్క కింద ఎలా చూడటం?" అంది. మేత చూపిస్తే రెక్క తనే ఎత్తుతుందని చెప్పారు. ఒకదాని దగ్గర ఆగి, "ఇది నీరసంగా ఉంది" అంది. ఫ్రిజ్ మనిషి పరిగెత్తుకెళ్లి ఛార్జరు తెచ్చాడు. గంటన్నర పట్టింది. చివరికి మొదటి బహుమతి నీలం రిబ్బను ఆరిన్ పంజరానికి కట్టింది. ఆర్డిస్‌కి రెండోది.

"అభ్యంతరం" అంది ఆర్డిస్, కాగితం తీస్తూ. "దీని నెత్తిమీద జుట్టు వంకర."

స్టూలు కిందపడ్డ చప్పుడైంది. ఆరిన్ వచ్చాడు. "ఎవరి కోడి జుట్టు వంకర?"

"నీదే. ఎడమకి వాలింది."

"అది వాలడం కాదు. గీసినవాడికి కోడంటే తెలియదు."

"పెంచినవాడికి తెలియాలిగా."

"నాకు తెలియదా? నలభై ఆరేళ్లు..."

"నలభై ఏడు."

"నలభై ఏడేళ్లు నిటారు జుట్టు తప్ప పెట్టానా ఎప్పుడైనా?" ఆరిన్ గొంతు పందుల షెడ్డు దాకా వెళ్లింది. ఏప్రిల్ తర్వాత ఆ గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. "జుట్టంటే ఎలా ఉంటుందో వచ్చే ఏడు తెచ్చి చూపిస్తాను. నిజం కోడి. ఈకలున్నది. చేత్తో పట్టుకుని చూసుకో."

"ఎన్ని తెస్తావు?"

"పన్నెండు" అన్నాడు ఆరిన్ మండిపడుతూ.

"గూటికి మేకులు కొట్టి ఉన్నాయి కదా."

"నా మేకులు నేను పీక్కుంటా, నీకెందుకు?"

ఆర్డిస్ కాగితం తిరగేసి ఏదో రాస్తోంది. వెండెల్ భుజం మీంచి తొంగిచూశాడు. ముందువైపు, అభ్యంతరం రాయాల్సినచోట ఒక్క అక్షరం లేదు. వెనకవైపు మాత్రం 'వచ్చే ఏడు, ఆరిన్ బ్రెక్కి, కోళ్లు పన్నెండు' అని గుండ్రంగా రాసుంది. ఆవిడ దాన్ని పెన్నుతో సహా ఆరిన్ ముందుకి తోసింది.

ఆయన తిడుతూనే సంతకం పెట్టాడు.

"తేదీ కూడా వెయ్యి" అంది ఆర్డిస్.